గేటు దగ్గరి కుండ

రోహిణి కార్తె ఎండలు. దేవరకొండలో నాకు తెలిసిన ఒక రిటైర్డు ఉపాధ్యాయులు, వారి భార్య బాటసారుల కోసం గేటు దగ్గర నీళ్ల కుండ పెట్టారు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి పేరిట బావి తవ్వించిన సంగతి విని చేసిన పని. అయితే ఇంట్లో తాగేది క్యాను నీళ్లు, కుండలో పోసేది బోరు నీళ్లు!

“ఏమండీ, మనం నోట పెట్టని నీళ్లు దానమవుతాయా?” అని ఆమె అడిగారు.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు రోజూ ఒంట్లోకి పోతే ఎముకలకు చేటని నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఒక్క గ్లాసుతో ఏమీ కాదు, నిజమే. మరి వేసవంతా అక్కడే తాగే ఆటోవాళ్ల మాటేమిటి? మనకిస్తే కళ్లు మూసుకుని తప్ప పుచ్చుకోని దాన్ని దైవమార్గంలో ఇవ్వరాదని దివ్య ఖుర్ఆన్ (2:267) హెచ్చరిస్తోంది. పింఛను ఇంటికి రోజూ మరో క్యాను భారమే. స్తోమతు లేకుంటే తక్కువ ఇవ్వవచ్చు, తాగేవే ఇవ్వాలి.

మరునాడు ఆయన కుండ తీసేసి, చిన్న కూజా పెట్టారు.