ఆ 20 నిమిషాలు ఎవరివి?

సంరక్షణాలయంలో ఉన్న ఒక ముసలాయనకు తన చొక్కా తాను తొడుక్కోవటానికి 20 నిమిషాలు పడుతుందనుకుందాం. ఆయా తొడిగితే 3 నిమిషాలు. ఆమె చూడవలసిన మంచాలు 10 ఉన్నవి గనుక ఆమే తొడుగుతుంది. కొన్ని నెలలకు ఆయన చేతులు ఆ పని మరిచిపోతవి. అప్పుడు పట్టికలో "పరాధీనుడు" అని నమోదవుతుంది. ఈ నష్టాన్ని ముసలితనం ఖాతాలో రాయటం న్యాయమేనా?

సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన కొలబద్ద నేటికీ వాడుకలో ఉన్నది. స్నానం, బట్టలు కట్టుకోవటం, దొడ్డికి వెళ్లటం, మంచం దిగి కుర్చీలోకి మారటం, మలమూత్రాల అదుపు, తిండి తినటం - ఈ 6 పనుల్లో మనిషి ఎన్నింటిని తానే చేసుకుంటున్నాడో అది చెబుతుంది. మంచి కొలబద్దే, రోగం పేరుకన్నా బతుకును చూస్తుంది. కాని అది చూసేది చేస్తున్న పనిని, చెయ్యగల పనిని కాదు. ఎవరు చెయ్యనివ్వలేదో దానికి తెలియదు.

అమెరికాలో ఈ చిక్కును మరొక వైపునుంచి పట్టుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1971లో పుట్టిన ఆన్ లోక్ సంస్థ నమూనాగా "పేస్" అనే పథకం రూపొంది, 1997 చట్టంతో మెడికేర్‌లో స్థిరపడింది. 55 ఏళ్లు నిండి, నర్సింగ్ హోములో చేరవలసినంత అశక్తులని రాష్ట్రం నిర్ధారించినవారు ఇంటిపట్టునే ఉంటూ ఇందులో చేరవచ్చు. తలకింతని నెలనెలా సంస్థకు సొమ్ము ముడుతుంది. ఆస్పత్రి ఖర్చుతో సహా భారమంతా సంస్థదే. సంరక్షణ బృందంలో వ్యాను డ్రైవరుకు కూడా స్థానం ఉన్నది. ఇది నాకెంతో నచ్చిన విషయం. ముసలమ్మ నిన్నటికన్నా ఇవాళ మెట్లు దిగటానికి ఎక్కువసేపు తీసుకున్నదని మొదట తెలిసేది అతనికే గదా!

ఆమె పడి తుంటి విరిగితే ఖర్చు సంస్థకే తగులుతుంది. కనక ఆమె కాళ్లలో సత్తువ నిలపటం సంస్థకూ లాభమే. డబ్బుతో ముడిపడినంత మాత్రాన ఇదంతా కపటమని తోసిపుచ్చే మిత్రులతో నేను ఏకీభవించను. కాని ఇక కోలుకోదని తేలిన మనిషి మాటేమిటి? ఆమెకిచ్చే 20 నిమిషాలు ఏ ఖర్చునూ తగ్గించవు. అసలు పరీక్ష అక్కడ ఉన్నది. 2015 తరువాత లాభాపేక్షగల కంపెనీలకు కూడా ఈ పథకంలో ద్వారం తెరిచారు గనుక ఆ పరీక్ష మరింత కఠినమైంది.

లెక్కలను కూడా జాగ్రత్తగా చదవాలి. బాగా క్షీణించినవారు ఏడాది తిరగక ముందే పోతే, మిగిలినవారి సగటు నిలకడగా కనబడుతుంది. అందులో సంరక్షణ నిలిపింది కొంత, మృత్యువు తీసివేసింది కొంత.

ఇక ఆ ఆయా సంగతి. ఆమె కఠినురాలు కాదు. 10 మంచాలని నిర్ణయించింది ఆమె కాదు. ముసలాయన కాలానికి విలువ కట్టనివారే ఆమె కాలానికి తక్కువ కూలి కట్టారు. ఆమెకు 6 మంచాలే ఉంటే ఆయన గుండీలు ఆయనే పెట్టుకోవచ్చు. మిగిలిన 4 మంచాల కోసం పెట్టవలసిన మరొక ఆయా కూలి ఎవరి లెక్కలో పడాలన్నది ఇంకా తేలలేదు.