పొరుగింటి పళ్లెం

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు యూదులుగా జీవిస్తున్నాయి. తాము 'బెనె ఎఫ్రాయిం', అనగా ఎఫ్రాయీము సంతతి అని వీరి నమ్మకం. ఒకప్పుడు క్రైస్తవులైన వీరు 1990ల తొలినాళ్లలో తమ ప్రార్థనా మందిరాన్ని నెలకొల్పుకున్నారు. 'కోషెర్' అనే యూదుల ఆహార నియమాలను పాటించ పూనుకున్నారు.

ఆ నియమాలు మన బైబులులోనివే. గిట్టలు చీలి, నెమరువేసే జంతువునే తినాలి, కనుక పంది కూడదు. రెక్కలు, పొలుసులు లేని చేప కూడదు (లేవీ 11). నెత్తురు ముట్టరాదు.

ఒక్కటి గమనించండి. ఏ పశుమాంసం తిన్నారని ఊరు వీరి పూర్వికులను దూరం పెట్టిందో, ఆ పశువు మోషే ధర్మశాస్త్రంలో శుద్ధమైనదే! మరి మైల మాంసంలో ఉందా, చూసేవారి మనసులో ఉందా?

యొప్పాలో దర్శనం చూసిన పేతురు, కొర్నేలి ఇంట అడుగుపెట్టినప్పుడు గ్రహించింది ఇదే: ఏ మనిషినీ అపవిత్రుడని అనరాదు (అ.కా. 10:28).

అలాగని నియమాలు వ్యర్థం కావు. తపస్సుకాలపు శుక్రవారాలలో శుద్ధభోజనం పాటించమని శ్రీసభ మనకూ చెబుతోంది. అది మన నాలుకకు కళ్లెం. పొరుగువారిని కొలిచే కొలబద్ద కాదు. ఒకే పీఠం వద్ద దివ్యసత్ప్రసాదం స్వీకరించి, గుడి దాటగానే "వాళ్లింట్లో ఎలా తింటాం?" అనుకునే కుటుంబాలు మన విచారణలలో లేవా?

శుక్రవారం మాంసం మానడం తేలిక. ఆదివారం ఆ ఇంటికి వెళ్లి, వారు వడ్డించింది వారితో కూర్చుని తినడమే కష్టం. ప్రియ పాఠకులారా, ఈ వారం ఎవరింటికి వెళదాం?