ఆమె మాట ఎవరి దగ్గరుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పటికి విశాఖ జిల్లాలోనే ఉన్న మా చోడవరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి.

అంతకు నెల ముందే, చెరుకు గానుగ దగ్గర బెల్లం వండి బతికిన ఒక పెద్దావిడ జీవితకథ రికార్డు చేశాను. ఫోన్లో చోటు చాలక దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కించి, ఫోన్లోది తుడిచేశాను. తుఫాను వెలిశాక ఆమె మనవరాలికి వినిపిద్దామని వెంటబెట్టుకొచ్చింది. సిగ్నల్ లేదన్నాను.

"ఏటమ్మా, నా మాట నాకే ఇనబడదా?" అంది.

నిజం చెప్పాలంటే, నెట్ వచ్చాక ఆ గొంతు భద్రంగానే ఉంది. వానకి తడిసి ముద్దయినవి నా నోటుపుస్తకాలే. కాబట్టి క్లౌడ్ చెడ్డది, కాగితం మంచిది అని తేల్చేయలేను. కానీ మబ్బు అని ఎంత అందంగా పిలుచుకున్నా, అవి ఎక్కడో దూరాన ఒక కంపెనీ నడిపే యంత్రాలే. దారి తెగితే దాచుకున్నదీ లేనట్టే.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలు తామే చెప్పారు. స్త్రీల మాట పోనివ్వకూడదని ఆ పుస్తకం చదివే నేర్చుకున్నాను. పోనివ్వకపోతే చాలనుకోవడం నా పొరపాటు. చెప్పిన మనిషికే అందని భద్రత ఎవరి కోసం?

తర్వాత ఒక ప్రతి మెమరీ కార్డులో వేసి ఆమెకిచ్చాను. మనవరాలి ఫోన్లో వింటూ మధ్యలో ఆపించింది. "ఇక్కడ నాను తప్పు సెప్పేను, దిద్దమ్మా" అంది.