మనిషి లేని అంగడి



ఈ మధ్య ఒక గృహ ఆశీర్వాదానికి హైదరాబాదు వెళ్ళాను. మన కర్నూలు జిల్లా నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం అది. పెద్ద గేటు, లోపల ఈతకొలను, వ్యాయామశాల, వాటి పక్కనే ఒక చిన్న అంగడి. పాలు, రొట్టెలు, పండ్లు, పిల్లల తినుబండారాలు అద్దాల బీరువాల్లో చక్కగా సర్ది ఉన్నాయి. అమ్మే మనిషి మాత్రం లేడు. ఫోనుతో స్కాన్ చేస్తే బీరువా తలుపు తెరుచుకుంటుంది. తీసుకున్న వస్తువు ఖరీదు మన ఖాతా నుండి పోతుంది. పైన కెమెరా చూస్తూ ఉంటుంది. రాత్రీ పగలూ ఇదే తంతు. ఖరీదైన ఇళ్ళలో ఇప్పుడు ఇదీ ఒక సౌకర్యమట.

గేటు దగ్గర కాపలా ఉన్న మనిషిది కోసిగి వైపు పల్లె. వానల్లేక సుగ్గికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. ఎండ మండిపోతోంది. "చల్లని నీళ్ళ సీసా అక్కడ కొనుక్కోరాదా నాయనా?" అని అడిగాను. చేతిలోని బటన్ల ఫోను చూపించి నవ్వాడు. "అది నాతో మాట్లాడదు సామీ" అన్నాడు.

ఆ మాట మీద మీతో కలిసి కాసేపు ఆలోచించాలనుకుంటున్నాను.

యంత్రం అమ్మడం కొత్త సంగతి కాదు. సుమారు 2000 ఏళ్ళ క్రితమే అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ అనే పండితుడు ఇలాంటి యంత్రాన్ని వర్ణించాడు. గుడి ముందు పెట్టిన పాత్రలో నాణెం వేస్తే, దాని బరువుకు లోపలి మీట వంగి, కొంచెం పవిత్ర జలం బయటికి వచ్చేది. నాణెం జారిపోగానే నీళ్ళు ఆగిపోయేవి. కనుక యంత్రాన్ని చూసి భయపడనక్కరలేదు. రాత్రి పని ముగించుకుని వచ్చే నర్సుకు, అర్ధరాత్రి పాలకోసం ఏడ్చే పసిబిడ్డ తల్లికి ఆ అంగడి మేలే చేస్తుంది.

ఇంకొక మేలు కూడా ఒప్పుకోవాలి. పల్లెలోని అంగడిని తలచుకుని మనం కన్నీళ్ళు కారుస్తాం గాని, ఆ అంగడి ముందు మన తాతలు ఎలా నిలబడ్డారో మరచిపోరాదు. మన విచారణల్లో చాలా కుటుంబాల పెద్దలు అరుగు ఎక్కకుండా, దూరంగా నిలబడి కొంగు పట్టి సరుకు తీసుకున్నవారే. తూకంలో మోసం జరిగినా అడిగే దిక్కు లేదు. యంత్రం కులం అడగదు. అందరికీ ఒకే ధర చెబుతుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే అది వేరేది అడుగుతుంది. ఖరీదైన ఫోను అడుగుతుంది, బ్యాంకు ఖాతా అడుగుతుంది, అన్నిటికంటే ముందు గేటు దాటే అర్హత అడుగుతుంది. అంటే పాత అరుగు మాయమైపోలేదు. అంగడి ముందు నుండి జరిగి గేటు దగ్గర గోడ అయింది. ఆ ఇటుకలు మోసినవారిలో మన ఆదోని, ఆలూరు వైపు కూలీలు కూడా ఉన్నారు.

ఇక నిజాయితీ సంగతి. గ్రీకు తత్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో గైజీస్ అనే పశువుల కాపరి కథ చెప్పించాడు. అతనికి ఒక ఉంగరం దొరికింది. దాని రాయిని లోపలికి తిప్పితే ఎవరికీ కనబడడు. కనబడనని తెలియగానే రాజునే చంపి సింహాసనం ఎక్కాడు. ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి మంచివాడుగా ఉంటాడా అన్నదే అక్కడి ప్రశ్న.

కెమెరా ఉన్న అంగట్లో ఎవరికీ ఆ ఉంగరం దొరకదు. దొంగతనం తగ్గవచ్చు. కాని భయం చేత చేతులు కట్టుకోవడం వేరు, మనసు చేత కట్టుకోవడం వేరు. మంచితనం అలవాటు వల్ల వస్తుందని అరిస్టాటిల్ అన్నాడు. తప్పు చేసే వీలే లేనిచోట ఆ అలవాటు ఎలా కుదురుతుంది?

మిజోరంలో సెలింగ్ దగ్గర రహదారి పక్కన కూడా అమ్మే మనిషి లేని అంగళ్ళున్నాయి. పేద రైతులు కూరగాయలు, పండ్లు పెట్టి, ధర రాసి, డబ్బుకు ఒక డబ్బా ఉంచి పొలం పనికి పోతారు. కెమెరా లేదు. దారిన పోయేవారు డబ్బు వేసి, చిల్లర కావాలంటే అందులోనుండే తీసుకుంటారు. అక్కడ మనిషి లేకపోవడం నమ్మకానికి గుర్తు. నగరంలోని అంగట్లో మనిషి స్థానంలో కూర్చున్నది కెమెరా.

పల్లె శెట్టి కూడా కన్నేసి ఉంచేవాడే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని ఆ కన్ను మనల్ని గుర్తుపట్టేది. కరువు ఏడాది వడ్డీ లెక్క వేస్తూనే అయినా, పద్దు పుస్తకంలో పేరు రాసుకుని జొన్నలు కొలిచేది. కెమెరా దొంగను పట్టగలదు. ఆకలిని మాత్రం చూడలేదు.

అలాంటి భవనాల్లో నివసించే మన బిడ్డలకు ఈ మాటలు చెప్పండి. తెల్లవారుజామున ఆ బీరువాలు నింపి వెళ్ళే కుర్రవాడి పేరు తెలుసుకోండి. కాపలావానికి, ఇల్లు ఊడ్చే ఆమెకు నగదుతో కొనుక్కునే వీలు కల్పించమని మీ సంఘంలో అడగండి. అది కుదిరేదాకా మీ ఫోనుతో వారికి కొనిపెట్టండి.

ఒక పరీక్ష కూడా పెట్టుకోండి. యంత్రం పొరబడి ఒక బిస్కెట్టు పొట్లం డబ్బుకు రెండు పొట్లాలు ఇచ్చిందనుకోండి. కెమెరా దాన్ని తప్పుగా పట్టదు. యంత్రం నష్టపోయిందని బాధపడదు. కాని ఆ నష్టం ఎవరో ఒకరి లెక్కలో పడుతుంది, బహుశా ఆ నింపే కుర్రవాడి లెక్కలోనే. పక్కన మీ బిడ్డ నిలబడి మీ చేతివంక చూస్తోంది. ఆ రెండో పొట్లాన్ని ఏం చేస్తారు?