శిథిలం అని ఎవరన్నారు?

సంక్రాంతి సెలవులకి ముగ్గురు ఆఫీసు ఫ్రెండ్స్ నాతో పాటు మందమర్రి వచ్చారు. "మీ ఊళ్లో బొగ్గు తప్ప చూడ్డానికేముంది?" అని ఒకటే గొడవ. గాంధారి ఖిల్లాకి తీసుకెళ్లాను. బొక్కలగుట్ట దగ్గర అడవిలో, గుట్ట మీదుంటుంది ఆ పాత కోట. ఇంత దగ్గర పుట్టి పెరిగి నేనూ అంతకుముందు రెండుసార్లే వెళ్లాను.

పైకెక్కాక అందరం కాసేపు మాట్లాడలేదు. కూలిన గోడలు, బండలో చెక్కిన దేవుళ్లు. "ఏం శిథిలం రా, అద్భుతం!" అన్నాడొకడు ఫోన్ తీస్తూ. బండ కింద పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు. దీపం పెడుతున్న ఒక పెద్దమ్మ మా వైపు తిరిగి, "చెప్పులు అవుతల ఇడువుండ్రి బిడ్డా, తల్లి ఉన్నది" అంది.

'ఉండేది' అనలేదు. 'ఉన్నది' అంది.

మాఘమాసంలో నాయక్‌పోడ్ ఆదివాసీలు ఇక్కడ మైసమ్మకి జాతర చేస్తారు. వాళ్లు మొక్కుకునే రాయినే మేం శిథిలం అంటున్నాం. ఆ పేరు పెట్టే హక్కు మాకెక్కడిది?

మా సాఫ్ట్‌వేర్ పనిలో 'డెప్రికేటెడ్' అని ఒక ముద్ర ఉంది. పాత కోడ్ మీద, ఇక దీన్ని వాడకండి అని వేస్తాం. వేసేది కొత్తది రాసినవాళ్లే. పాతదాని మీద ఇంకా ఎవరి పని నడుస్తోందో చాలాసార్లు వాళ్లకి తెలీదు. దాన్ని పీకేశాక ఎక్కడో ఏదో ఆగిపోతే తెలుస్తుంది.

అలాగని బయటివాళ్ల చూపంతా తప్పనలేను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కనీసం నూరేళ్ల వయసు అడుగుతుంది. అలా లెక్కపెట్టి కాపాడేవాళ్లు కూడా కావాలి. 1213లో కట్టిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందంటే, దాని వెనక అలాంటి చూపే ఉంది. కానీ ఆ చూపు వయసుని కొలిచినంత తేలిగ్గా బంధాన్ని కొలవలేదు. శిథిలం మనకి అందంగా కనిపించడానికి ఒక కారణం, దాని కోసం ఏడ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదని మనం అనుకోవడమే. ఆ అనుకోవడాన్నైనా ఒకసారి సరిచూసుకోవాలి కదా?

తిరిగొస్తుంటే దారిలో మా పాత కాలనీ. గని కార్మికుల క్వార్టర్లు, చాలావరకు ఖాళీ. తలుపుల్లేవు, గోడల్లోంచి రావి మొలకలు. "ఆపు ఆపు, భలే ఉంది" అన్నాడు వాడే, మళ్లీ ఫోన్ తీస్తూ. చివరి వరసలో రెండోది మాది. నాన్న ఫస్ట్ షిఫ్టుకి బయల్దేరుతుంటే అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడిన గుమ్మం అది.

"ఎవరిదిరా ఇది?"

"మాది" అన్నాను. 'మాదే, ఒకప్పుడు' అనాలి నిజానికి. నోరు రాలేదు.

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీసుకున్నా నేనేమీ అనేవాణ్ణి కాదు. అడిగి తీసుకుంటే చాలు.