గూటిలోని కోడియెడల మన ధర్మము



చలికాలములో కోళ్ల గూటిని కాపాడుట ధర్మములో చేరిన విషయమా, లేక లాభనష్టముల లెక్క మాత్రమేనా? పండుగకు కోయబోవు కోడికి వెచ్చని గూడెందుకని నవ్వువారు కలరు. అయినను ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలలో ఎందరో తల్లులు గుడ్లమ్మిన డబ్బుతోనే బిడ్డలకు పుస్తకములు కొనుచున్నారు. కనుక ఈ ప్రశ్న మన వాకిటనే యున్నది. దానిని కొంచెము నిదానించి చూతము.

ముందుగా మన చలి ఎట్టిదో తెలిసికొనవలెను. మనది మంచు కురియు దేశము కాదు. డిసెంబరు, జనవరి రాత్రులలో సయితము వేడిమి సుమారు 20 డిగ్రీల దరిదాపుల నుండును. ఎదిగిన కోడి శరీరపు వేడిమి సుమారు 41 డిగ్రీలు. అది మన ఒంటి వేడిమికంటె ఎక్కువ. చలి వేసినప్పుడు అది ఈకలను ఉబ్బించి, వాటి నడుమ గాలిని నిలుపుకొని, ఆ గాలినే దుప్పటిగా చేసికొనును. కాబట్టి ఎదిగిన కోడికి మన పల్లెలలో నిప్పు అక్కరలేదు. దానికి కీడు చేయునవి మూడు: సూటిగా తగులు ఈదురుగాలి, తడిసిన నేల, కుళ్లిన గాలి. ఈదురుగాలి ఈకల నడుమ నిలిచిన వెచ్చని గాలిని చెదరగొట్టును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు వచ్చు ఈశాన్య ఋతుపవనపు వానలో తడిసిన ఈకలు వేడిని నిలుపజాలవు.

ఇప్పుడు ధర్మము మాట. చెట్టుమీద నిదురించు కోడి గాలి తగిలినయెడల కొమ్మ మారును; చినుకు పడినయెడల గుబురులోనికి జరుగును. మనము దానిని జంగుపిల్లికి, నక్కకు భయపడి గూటిలో పెట్టి తలుపు వేయుచున్నాము. అది మంచి పనియే. అయితే తలుపు వేసిన క్షణముననే కొమ్మ మార్చుకొను స్వేచ్ఛను దానినుండి తీసివేసితిమి. ఇక ఆ రాత్రి గాలి ఏ దిక్కున వీచినను, వాన ఏ సందున కారినను, తప్పించుకొనుటకు దానికి దారి లేదు. ఒక ప్రాణికి తన్ను తాను కాపాడుకొను దారి మూసినవాడు ఆ కాపుదలను తన మీద వేసికొన్నవాడే. మన బాధ్యత మన దయాగుణమునుండి పుట్టినది కాదు. మనము వేసిన గడియనుండి పుట్టినది.

అయితే మరియొక ప్రమాదమున్నది. జాలిగల ఇల్లాలు తనకు చలివేయగానే గూటి సందులన్నిటిలో గోనెసంచులు కుక్కి, పైన పట్టా కప్పును. తెల్లవారి తలుపు తీయగా ఘాటైన వాసనకు ఆమె కన్నులే మండును. అది రెట్టలనుండి పుట్టు అమ్మోనియా. కోళ్ల ఊపిరిలోని తేమ బయటికి పోలేక ఊకను తడుపును. అట్టి గూటిలో కోళ్లకు కన్నులు వాచును, గురక పట్టును. లోపల బొగ్గుల కుంపటి పెట్టుట మరింత అపాయము. దాని విషవాయువు వాసన లేకయే చంపును, నిప్పురవ్వ పడినచో తాటాకు కప్పు నిలువునా కాలిపోవును. మూసినవారికి దయ లేదా? కలదు. కాని ఆ దయ కోడిని అడుగలేదు. తన చలినే కోడి చలి అనుకొనెను.

కనుక చేయవలసినది ఇది. కోళ్లు వాలు కర్ర యెత్తు వరకు ఉత్తరపు వైపును తూర్పు వైపును సందులు లేకుండ మట్టితో గాని తడికతో గాని మూయవలెను. కోళ్ల తలలకు పైన, చూరు క్రింద, జానెడు సందు విడువవలెను. పిల్లి దూరకుండ దానికి వల కొట్టవలెను. వాలు కర్ర రెండంగుళముల వెడల్పున్నయెడల కోడి కాలివ్రేళ్లను ఈకలతో కప్పుకొని కూర్చుండును. నేలను కొంచెము ఎత్తుచేసి పొడి ఊక పరచి, తడిసినప్పుడెల్ల మార్చవలెను. పాత చాప, పిడికెడు మట్టి, ఒక గంట పని. పేదవానికి సయితము ఇవి భారము కావు. ఒకనాడే కోళ్లు వరుసగా చచ్చినచో చలి మీద నేరము మోపరాదు. అది కొక్కెర రోగము కావచ్చును. దానికి టీకా కలదు, పశువైద్యశాలలో అడుగవలెను.

పిల్లల సంగతి వేరు. నాటుకోడి 21 దినములు పొదిగి, పిల్లలను తన క్రిందనే పెంచును. హైదరాబాదులోని రాజేంద్రనగర్ పరిశోధనాలయమువారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతుల పిల్లలు యంత్రములో పుట్టి, తల్లిని చూడకయే మన యింటికి వచ్చుచున్నవి. ఈకలు వచ్చువరకు తమ వేడిని తాము నిలుపుకొనజాలవు. కనుక మొదటి వారము సుమారు 35 డిగ్రీల వేడిమి నిచ్చి, వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. చుట్టు అడుగు ఎత్తున అట్టతో గుండ్రని కంచె కట్టవలెను. వేడిమాపకము లేకున్నను చింత లేదు, పిల్లలే చెప్పును. దీపము క్రింద గుంపుకూడి అరచినచో చలి. దీపమునకు దూరముగా పోయి నోరు తెరచినచో వేడి యెక్కువ. అన్నియు ఒక ప్రక్కకే ఒదిగినచో ఎదుటి ప్రక్కనుండి గాలి వచ్చుచున్నది. సమముగా చెదరి మేయుచున్నచో అంతయు సరిగా నున్నది. తల్లిలేని పిల్లను తెచ్చినవాడు తల్లి పని చేయవలెను, తల్లివలె కనిపెట్టి చూడవలెను.

“ఎటులైనను కోసి తినెదము గదా” అను మాటకు జవాబు మోషే ధర్మశాస్త్రములోనే యున్నది. త్రోవలో పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలను తీసికొనుటకు సెలవిచ్చి, తల్లిని మాత్రము విడిచిపెట్టుమని అది ఆజ్ఞాపించినది. తీసికొనుటకు అనుమతి కలదు, దానికి హద్దును కలదు. కోడి ప్రాణము ఒకనాడు మనకు ఆహారమగును; అయినను అంతవరకు అది బ్రదుకు ప్రతి రాత్రియు దాని రాత్రియే. చివరి దినము మన చేతిలో నుండుటచేత మిగిలిన దినములను పాడుచేయు హక్కు మనకు రాలేదు.

మన ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు సింహమును గాని పక్షిరాజును గాని పేర్కొనక, పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొను కోడితో తన్ను పోల్చుకొనెను. ఆ రెక్కను వాకిట ఎన్నడైన పరికించితిరా? అది గాలిని ఆపును, కాని బిగించి మూయదు. పిల్లలు ఈకల నడుమనుండి ముక్కులు బయటపెట్టి ఊపిరి పీల్చును. బయటికి పోవలసినది పోవును, చలివేసినది తిరిగి వచ్చును. మన యిండ్లలోని వృద్ధులను, కోడండ్రను, ఎదుగు పిల్లలను కాపాడుచున్నామనుకొని ఊపిరాడకుండ మూసియుంచునప్పుడు ఆ రెక్కను తలంచుకొనుట మేలు. వారికేమి కావలెనో వారిని అడిగితిమా?

నేటి సాయంకాలము కోళ్లు గూటికి చేరిన పిమ్మట ఒక్క నిమిషము అచ్చట నిలువుడి. అవి కూర్చున్న యెత్తున మీ చేయి చాపి, గాలి తగులుచున్నదేమో చూడుడి. తల లోపల పెట్టి ఒక మారు గాలి పీల్చి చూడుడి. మీ కన్నులు మండకున్నయెడల, చేతికి గాలి తగులకున్నయెడల, తలుపు గడియ వేసి నిశ్చింతగా నిదురపొండి.