కోడెదూడ ఎవరిది?

ఉత్తరాంధ్ర గృహస్థుని యింట ఆవు కోడెదూడను ఈనినచో దానిని సింహాద్రి అప్పన్నకు మ్రొక్కుకొనుటయు, పిదప కొండకు గొనిపోయి స్వామి సన్నిధిని సమర్పించుటయు తరతరములుగా వచ్చుచున్న యాచారము. పెయ్యదూడ కొండ యెక్కుట అరుదు. ఆ భక్తిని శంకించుట నా యుద్దేశము కాదు. బిడ్డకు రోగము నయమైనందుకు కోడెను తెచ్చి యిచ్చు తల్లి చేయునది త్యాగమే. అయినను, పాలిచ్చునది పెరటిలోను, పాలీయనిది దేవుని గోశాలలోను నిలుచు ఈ పంపకమున నొక ధర్మసంశయము దాగియున్నది: ఆవుపాలు త్రాగినవారు ఆ యావు కన్న కోడెకుగూడ బాధ్యులు కారా?

నాగలియు, బండియు, గానుగయు నడచినన్నాళ్లు ఈ సంశయమునకు తావు లేకపోయెను. దేవస్థానమునుండి రైతు చేతికి పోయిన కోడె కాడి క్రింద తన మేతను తానే సంపాదించుకొనెను. ట్రాక్టరు వచ్చి ఆ కాడిని తొలగించినది. విశాఖలో మరియొకటియు సంభవించినది. 1966లో 32 మంది ప్రాణములర్పించిన యుద్యమమునకు ఫలముగా లభించి, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునకై గాజువాక చుట్టుపట్ల పల్లెలు తమ పొలములను, పచ్చికబయళ్లను విడిచి, సెంట్ల లెక్కన వచ్చిన పునరావాస స్థలములకు చేరినవి. మంద పోయినది, ఒక్క పశువునకు మాత్రమే చోటున్న పెరడు మిగిలినది.

అట్టి పెరటికి తగిన ఆవేది యన్నచో నేడు వినవచ్చు పేరు పుంగనూరు. చిత్తూరు సీమకు చెంది, పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున సంరక్షింపబడుచున్న యీ పొట్టిజాతి, మీటరునకు మించని యెత్తుతో, కొద్దిపాటి మేతతో, చిన్న కుటుంబమునకు చాలిన చిక్కని పాలిచ్చును. ఆవు చిన్నదైనంతమాత్రమున ప్రశ్న చిన్నది కాదు. పాలు కావలెనన్న ఆవు చూడి కట్టవలెను, ఈనవలెను. ఇంచుమించు రెండు కాన్పుల కొకటి కోడె యగును. 1977 నాటి శాసనము మన రాష్ట్రమున ఆవును, దూడను, గేదెదూడను సైతము వధింపరాదనుచున్నది. మాంసము కావలసినవాడు మేకను పెంచును. అచ్చట పోతుపిల్ల దేనికో అందరికిని తెలియును, దానిని సాకినవాడు దాని యంతమునుగూడ ఎరుగును. కోడెదూడ యంతమును ఎరిగినవాడు అరుదు.

మాంసవిషయమున మనుస్మృతి హంతల పట్టికను చంపినవానితో ముగింపదు. అనుమతించినవాడు, ఖండించినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తుదకు తిన్నవాడు గూడ వానితో కలిసి ఘాతకులే యని యెనమండుగురను లెక్కించును. అందు పాలు త్రాగినవాడు లేడు. నాడు కోడెకు కాడి యుండెను గనుక వానిని చేర్చవలసిన యవసరము కలుగలేదేమో. కాని నేడు తల్లిని తాను పితుకుకొని, దూడను సంతలో పేరెరుగని దళారికి అప్పగించి, నేను శాకాహారినని తృప్తిపడువాడు ఆ యెనమండుగురకు వెలుపల నిలువగలడని నేను నమ్మజాలను. భారతమున మిథిలాపురి ధర్మవ్యాధుడు తాను చంపడు, తాను తినడు. అయినను తన మాంసపుటంగడిలోని హింసను కప్పిపుచ్చక, నాగటిచాలులో చచ్చు ప్రాణులనుగూడ లెక్కకు తెచ్చి, కౌశికుడను బ్రాహ్మణుని గర్వమణచెను. ఆ నిజాయితీయే మన పాలచెంబు ముందు మనకు కావలసినది.

ఈ సందర్భమున విశాఖకు పడమటనున్న కొండలవైపు చూడవలెను. గదబల వంటి తూర్పుకనుమల గిరిజనులలో ఆవును పితుకు నలవాటు పూర్వము లేదు. ఆ పాలు దూడవని వారి భావన. పశుమాంసము మాత్రము వారికి నిషిద్ధము కాదు. మైదానమువారు పాలు గైకొని మాంసమును విడిచిరి. కొండవారు మాంసము గైకొని పాలు విడిచిరి. మనవారు హింసకు వెరచిరి, వారు చౌర్యమునకు వెరచిరి. పతంజలి చెప్పిన యమములలో అహింసయు కలదు, అస్తేయమును కలదు. మొదటిదానిని పట్టుకొని రెండవదానిని మరచిన మనము, మరవనివారిని అనాగరికులని యెంచుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

పాలు త్రాగుట పాపమని నేననను. దూడకు కడుపునిండ విడిచి మిగిలినది పితుకుకొనువాడు దొంగ కాడు. పెయ్యలే అధికముగా పుట్టునట్లు వేరుచేసిన వీర్యము నేడు లభించుచున్నది. పుట్టిన కోడెను వీథికి తోలుటకంటె అది మేలే, కాని వట్టిపోయిన ముసలి ఆవు సంగతి దానితో తీరదు. కావున చిన్న ఆవును కొనదలచు గృహస్థు పూట కెన్ని పాలిచ్చునని యడుగుటకు ముందే, కోడె పుట్టినచో ఎన్నేండ్లు మేపగలనో, మ్రొక్కియున్నచో తల్లిపాలు మానువరకు ఓర్చి పిదపనే కొండకు గొనిపోగలనో, దానివెంట ఏటేట గడ్డి పంపగలనో నిశ్చయించుకొనవలెను. ఆ శక్తి లేనివాడు మేకతో సరిపెట్టుకొనుట మేలు. పెరడు లేక పొట్లపుపాలు కొనుక్కొను నగరవాసియు ఈ లెక్కకు వెలుపలివాడు కాడు; అతడు సింహగిరి హుండీలో వేయదలచిన దానిలో కొంత కోడెల మేతకు మరలించినచో, వాటిని స్వీకరించిన అప్పన్నకు అది అప్రియము కానేరదు.